పది పైసలు కంప్యూటరుకు ఎందుకు మింగుడుపడవు

కోనసీమలో ఎకరం అయిదు సెంట్ల కొబ్బరితోటను కాగితం మీద 1-05 అని రాస్తారు. ఎడమవైపు ఎకరాలు, కుడివైపు సెంట్లు, మధ్యలో అడ్డగీత. నూరు సెంట్లు ఒక ఎకరం అని రాసేవారికీ చదివేవారికీ తెలుసు కాబట్టి పేచీ లేదు. అదే 1-05ను ఎక్సెల్ గడిలో కొట్టి ఎంటర్ నొక్కండి. మన దేశపు సెట్టింగులున్న కంప్యూటరులో అది మే ఒకటో తేదీ అయి కూర్చుంటుంది. అమెరికా సెట్టింగులుంటే జనవరి అయిదు. 2025లో కొట్టి ఉంటే ఆ గడి లోపల నిజంగా ఉండేది 45,778 అనే సంఖ్య. 1900 సంవత్సరం మొదలు నుంచి రోజులను లెక్కపెట్టి తేదీలను దాచుకోవడం ఎక్సెల్ పద్ధతి. ఆ వరుసను కూడమంటే ఎకరం అయిదు సెంట్ల తోట ఒక్కటే నలభై అయిదు వేల ఎకరాలు దాటుతుంది. కింది గడిలో 0-75 ఉంటే అది ఏ తేదీగానూ ఒదగదు కాబట్టి ఉత్త అక్షరాలుగా మిగిలిపోతుంది. కూడికలో ఆ ముప్పాతిక ఎకరం చడీచప్పుడు లేకుండా మాయం. అడ్డగీతతో ఇంత గొడవెందుకు, చుక్క పెడదామని 1.5 అని కొట్టేవారూ ఉన్నారు. అది ఎకరం యాభై సెంట్లు. నలభై అయిదు సెంట్ల తేడా, అదీ అమలాపురం చుట్టుపక్కల!

కంప్యూటరు లెక్క తప్పదంటారు. నిజమే. అది చేసిన లెక్క మనం అడిగిన లెక్కేనా అన్నది వేరే ప్రశ్న. మన మనసులో ఉన్న విలువ ఒకటి, దాన్ని రాసిన తీరు ఇంకొకటి, యంత్రం లోపల దాచుకున్న రూపం మరొకటి. ఈ మూడింటినీ కలిపి మనం ‘సంఖ్య’ అనేస్తాం. ప్రోగ్రాముల్లో సంఖ్యలతో వచ్చే తగాదాల్లో చాలామటుకు ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మారేటప్పుడు పుట్టేవే.

కామాలు, సున్నాలు

వానాకాలంలో గోదావరికి ఎర్రనీరు దిగితే చాలు, లంక గ్రామాల పెద్దలు దాన్ని ఎనభై ఆరు వరదతో పోల్చి చూస్తారు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35.06 లక్షల క్యూసెక్కులకు చేరింది. విడమరిచి రాస్తే 35,06,000. పత్రికలో ఇలా అచ్చు వేస్తే అందరికీ అర్థమవుతుంది. ప్రోగ్రాములో ఇలాగే రాస్తే ఏమవుతుందన్నది మాత్రం ఆ ప్రోగ్రామింగ్ భాష దయ.

పైథాన్‌లో కామా రెండు విలువల మధ్య సరిహద్దు. ముప్పై అయిదు లక్షలనుకుని, విలువను దాచుకునే పేరైన ఒక వేరియబుల్‌కు 35,00,000 ఇస్తే అది 35, 0, 0 అనే మూడు సంఖ్యల జట్టుగా తీసుకుని, ఏ అభ్యంతరమూ చెప్పకుండా ముందుకు పోతుంది. 35,06,000 అని ఇస్తే అక్కడికక్కడే ఆపేస్తుంది. అదీ కామాల వల్ల కాదు, 06లో ముందున్న సున్నా నచ్చక. సి భాషలో ముందే ప్రకటించిన వేరియబుల్‌కు 35,00,000 అప్పగిస్తే అందులో చేరేది మొదటి 35 మాత్రమే, మిగతావి గాలికి పోతాయి. వీటిలో నాకు నచ్చేది ఆపేసే రకమే. తప్పును మొహం మీద చెప్పే భాషతో ఒక పూట పోతుంది. తలూపి లోపలికి తీసుకునే భాషతో ఎన్ని పూటలు పోతాయో చెప్పలేం.

అంకెలను విడగొట్టి రాసుకోవాలన్న కోరిక న్యాయమైనదే. అందుకే చాలా భాషలు కామా బదులు అండర్‌స్కోర్‌ను అనుమతించాయి. అడా భాషలో 1983 నాటికే ఇది ఉంది. జావాలోకి 2011లో, పైథాన్‌లోకి 2016లో వచ్చింది. మనకు కలిసొచ్చే సంగతి ఏమిటంటే, ఆ గీత ఎన్ని అంకెలకు ఒకసారి రావాలన్న నిబంధన వీటిలో లేదు. మిలియన్ల వాళ్లు 3_506_000 అని రాసుకుంటారు, లక్షల వాళ్లం 35_06_000 అని రాసుకుంటాం. రెండూ లోపల ఒకటే విలువ. లక్షలు, కోట్లలో ఆలోచించే మనిషి ప్రోగ్రాము కోసం మిలియన్లలోకి మారనక్కర్లేదు.

ముందుండే సున్నా సంగతి ఇంకా పాత గొడవ. సి భాషలో సంఖ్య సున్నాతో మొదలైతే అది ఎనిమిది మూలంగా ఉన్న లెక్క, అంటే పదుల స్థానం బదులు ఎనిమిదుల స్థానం. కాబట్టి 010 అంటే ఎనిమిది. నెలల సంఖ్యలను అందంగా ఉండాలని 01, 02, 03 అని రాసుకుంటూ పోతే జులై దాకా బాగానే నడుస్తుంది. ఆగస్టు దగ్గర 08 అనగానే, ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే కంపైలర్ మొరాయిస్తుంది, ఎనిమిది మూలంగా ఉన్న లెక్కలో ఎనిమిది అనే అంకె ఉండదు గనుక. పైథాన్ 3 ఈ పద్ధతిని ఎత్తేసి, ఎనిమిది మూలం కావాలంటే సున్నా పక్కన ఇంగ్లీషు ‘o’ అక్షరం పెట్టమంది. పదహారు మూలానికి సున్నా పక్కన ఎక్స్ ఎప్పటినుంచో ఉంది, రెండు మూలానికి బి ఉంది.

తెలుగు అంకెల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ప్రపంచ లిపులకు కంప్యూటరు సంకేతాలిచ్చే యూనికోడ్‌లో ౦ నుంచి ౯ దాకా మన అంకెలన్నిటికీ చోటుంది. పైథాన్ ప్రోగ్రాములో నేరుగా ౧౧౭ అని రాస్తే ఒప్పుకోదు. అదే ౧౧౭ను కొటేషన్ల మధ్య పెట్టి ఇంట్ అనే ఫంక్షన్‌కు ఇస్తే నిక్షేపంగా నూట పదిహేడు అని గ్రహిస్తుంది. ప్రోగ్రాము రాసే వ్యాకరణం వేరు, మనుషులు ఇచ్చిన రాతను చదివే నియమం వేరు. ఒక్క జాగ్రత్త: తెలుగు సున్నా అంకె, అక్షరాల్లో వాడే నిండుసున్నా కంటికి కవలల్లా ఉంటాయి గాని యంత్రానికి పూర్తిగా వేర్వేరు గుర్తులు. ఫోన్లో ఒకదాని బదులు మరొకటి కొడితే తప్పెక్కడుందో కంటితో పట్టుకోవడం దాదాపు అసాధ్యం.

పాత్ర చాలకపోతే

రాసింది యంత్రం సరిగానే చదివిందనుకుందాం. ఇక దాచుకోవాలి. పూర్ణాంకాలకు చాలా భాషలు ముందే కొలతపెట్టిన గడులు ఇస్తాయి: 8 బిట్లు, 16, 32, 64. బిట్ అంటే సున్నా గానీ ఒకటి గానీ పట్టే ఒక్క స్థానం. రుణ సంఖ్యలు అక్కర్లేని 16 బిట్ల గడిలో పట్టే అతి పెద్ద సంఖ్య 65,535. అది పాతకాలపు ముచ్చట అనుకోకండి. నీటిమట్టాలు, మోటార్లు, వాల్వుల పరికరాలు మాట్లాడుకునే మోడ్‌బస్ పద్ధతిలో నేటికీ ఒక్కో రిజిస్టరు 16 బిట్లే.

ఎనభై ఆరు నాటి 35,06,000ను అలాంటి ఒక్క గడిలో కుక్కితే ఏమవుతుంది? 65,536 చొప్పున యాభై మూడుసార్లు తీసేయగా మిగిలేది 32,592. గడిలో కనిపించేది ఆ మిగులే. తప్పు ఎంత మర్యాదగా వేషం వేసుకుని వచ్చిందో చూడండి. రుణ గుర్తు లేదు, వింత అక్షరాలు లేవు. ముప్పై రెండు వేల క్యూసెక్కులంటే గోదావరికి ఓ లెక్కలోనిది కాదు, ప్రశాంతంగా పారుతున్నట్టే. మహా వరద తెర మీద వేసవి ప్రవాహంలా కనిపిస్తుంది. ఇలాంటివి జరగకుండా ఉండాలంటే పెద్ద విలువలను రెండు రిజిస్టర్లు కలిపి దాచాలి, చదివేవారూ ఆ రెంటినీ సరైన వరుసలో కలిపి చదవాలి.

ఇది ఊహాగానం కాదనడానికి 1996 జూన్ 4న కూలిన ఏరియాన్ 5 రాకెట్టు సాక్ష్యం. 64 బిట్ల భిన్న సంఖ్యను 16 బిట్ల పూర్ణాంకంగా మార్చబోతే అది పట్టలేదు. దాంతో దిశను చూపే వ్యవస్థ చేతులెత్తేసింది. ఎగిరి నిమిషం తిరక్కుండానే రాకెట్టు ముక్కలైంది. ఆ కోడ్ ఏరియాన్ 4 కోసం రాసినది, అక్కడ ఆ సంఖ్య ఎప్పుడూ అంత పెరిగేది కాదు.

32 బిట్ల గడికి రుణ సంఖ్యలతో కలిపి హద్దు 2,14,74,83,647. రెండు వందల పద్నాలుగు కోట్లంటే చాలా ఎక్కువనిపిస్తుంది. 1970 నుంచి సెకన్లు లెక్కపెట్టే కంప్యూటరు గడియారాలకు అది 2038 జనవరి 19న, మన కాలమానం ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు నిండిపోతుంది. హద్దు దాటినప్పుడు జావా నిశ్శబ్దంగా రుణ సంఖ్యలోకి తిరుగుతుంది. సి భాష ఏమైనా కావచ్చని చేతులు దులుపుకుంటుంది. పైథాన్ మాత్రం గడిని పెంచుకుంటూ పోతుంది, కాస్త నెమ్మదిగానైనా.

అణాల యంత్రం

భిన్నాల దగ్గరే అసలు ముడి ఉంది, కాస్త నిలబడి చూడాలి.

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఈ మూడు సంఖ్యల్లో ఏదైనా కంప్యూటరుకు ఇవ్వండి, వెంట్రుకవాసి తేడా లేకుండా దాచుకుంటుంది. 11.75 అంటే ఎనిమిది, రెండు, ఒకటి, అర, పావు. అంతే, లెక్క తెగిపోయింది. రెండు మూలంగా రాస్తే 1011.11. కంప్యూటరుకు చుక్క తరవాత మొదటి స్థానం అర, రెండోది పావు, తరవాత ఎనిమిదోవంతు, పదహారోవంతు. ప్రతిసారీ సగానికి సగం. అదొక్కటే దానికి తెలిసిన విద్య.

ఈ విద్య మన పెద్దలకు కొత్త కాదు. రూపాయికి పదహారు అణాలు, అణాకు నాలుగు కానులు. ధాన్యం కొలతలు ప్రాంతాన్ని బట్టి కొంత మారినా వాడుకలో ఉన్న వరుస ఇది: నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము. గుణించి చూడండి, తూముకు 256 గిద్దెలు. ఎనిమిది బిట్ల బైటు ఎన్ని విలువలు చూపగలదో సరిగ్గా అన్ని. ఇది యాదృచ్ఛికమే గాని అర్థం లేని యాదృచ్ఛికం కాదు. సగం చేస్తూ పోవడం తక్కెడకూ, చేతికీ సులువు. ట్రాన్సిస్టరుకూ సులువే. పాత తెలుగు లెక్కల్లో భిన్నాలు రాయడానికి నాలుగు మూలంగా ప్రత్యేక గుర్తులుండేవి. పావుల స్థానంలో నిలువు గీతలు, పదహారోవంతుల స్థానంలో అడ్డ గీతలు, ఆపై మళ్లీ నిలువు. 2008లో వచ్చిన యూనికోడ్ 5.1లో ఆ ఏడు గుర్తులకూ, తూము గుర్తుకూ స్థానం దొరికింది. ఆ పద్ధతిలో మొదటి ప్రమాద హెచ్చరిక ౧౧౻. పక్కన ఒకే ఒక్క గుర్తుతో ముప్పావు పూర్తి. కంప్యూటరు లోపలి రాతకు ఇంత దగ్గరి చుట్టం 11.75 కాదు, ఇదే.

1957 ఏప్రిల్ 1న రూపాయిని నూరు నయాపైసలు చేశారు. మనుషులకు ఎంతో మేలు జరిగింది. సగాల యంత్రానికి మాత్రం లెక్క చిక్కుపడింది. ఎలాగో చూద్దాం.

పది పైసలంటే రూపాయిలో పదోవంతు. దాన్ని అణాలతో చెల్లించాలనుకోండి. రూపాయికి పదహారు అణాలు కాబట్టి పదోవంతు అంటే 1.6 అణాలు. ఒక అణా, ఒక అర్ధణా ఇస్తే ఒకటిన్నర చెల్లింది. ఇంకా బాకీ అణాలో పదోవంతు. సరే, అణాను మళ్లీ పదహారు ముక్కలు చేయండి. ఆ ముక్కల్లో ఒకటి, దానిలో సగం ఇచ్చాక మిగిలే బాకీ ఆ చిన్న ముక్కలో పదోవంతు. దాన్ని పదహారు చేస్తే మళ్లీ అదే కథ. ప్రతి మెట్టులోనూ బాకీ పదహారు రెట్లు చిన్నదవుతుంది గాని తీరదు. ఎప్పటికీ పదోవంతే మిగులుతుంది. కంప్యూటరు రాతలో ఇది 0.000110011001100... అంటూ అంతులేకుండా సాగుతుంది. పదిలో దాగిన అయిదు చేసే పని ఇది. సగాలతో అయిదోవంతును ఎన్నటికీ కట్టలేం.

అంతులేని వరుసను దాచడానికి గడి చాలదు కాబట్టి ఎక్కడో కొయ్యాలి. 1985లో వచ్చిన ఐఈఈఈ 754 ప్రమాణం ఆ కోతకు పద్ధతి నేర్పింది. దాని వెనక ముఖ్యమైన మనిషి విలియం కహాన్, ఆ కృషికి 1989లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్నారు. 64 బిట్ల రూపంలో సార్థక స్థానాలు 53, ఆ తరవాతది సవరింపు. కాబట్టి మీరు 0.1 అని రాస్తే లోపల చేరేది 0.10000000000000000555 చిల్లర. దానికి 0.2 కలిపితే తెర మీద 0.30000000000000004. పదోవంతును పదిసార్లు కూడితే ఒకటి రాదు, 0.9999999999999999 వస్తుంది. సున్నా నుంచి తొంభై తొమ్మిది దాకా ఉన్న నూరు పైసల విలువల్లో యంత్రం తు.చ. తప్పకుండా దాచగలిగేవి నాలుగే: సున్నా, పావలా, అర్ధరూపాయి, ముప్పావలా. సెంట్లదీ అదే గతి. పాత నాణేలన్నీ దీనికి అనుకూలమని కూడా అనలేం. అణాకు పన్నెండు పైలుండేవి. పన్నెండులో మూడుంది, మూడోవంతుకూ సగాలతో తెగుదల లేదు.

ఇంత చిన్న తేడాకు ఇంత రాద్ధాంతమా అంటే, తేడా పేరుకోవడం గురించి చెప్పాలి. 1991 గల్ఫ్ యుద్ధంలో, శత్రు క్షిపణులను గాలిలోనే కూల్చే పేట్రియట్ వ్యవస్థ గడియారం సెకనులో పదోవంతు చొప్పున కాలాన్ని లెక్కపెట్టేది. 0.1ను 24 బిట్ల రిజిస్టరులో కోసి పెట్టడం వల్ల ఒక్కో పదోవంతుకు తప్పు 0.000000095 సెకను. వంద గంటలు ఆపకుండా నడిపేసరికి ముప్పై ఆరు లక్షల పదోవంతులు, మొత్తం తప్పు 0.34 సెకను. ఎదురొచ్చే స్కడ్ క్షిపణి అంతలో అర కిలోమీటరుకు పైగా దూసుకుపోతుంది. ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని దహ్రాన్‌లో సైనిక శిబిరం మీద, పేట్రియట్ ఆపలేకపోయిన స్కడ్ పడి 28 మంది మరణించారు.

అలాగని ఈ కోసి దాచే పద్ధతిని, అంటే ఫ్లోటింగ్ పాయింట్‌ను, దొంగలెక్క అనేవారితో నేను ఏకీభవించను. గోదావరి మట్టాన్ని కొలిచే బద్ద దగ్గర అల ఊగినంత తేడాతో పోలిస్తే పదిహేడో దశాంశ స్థానం ఏ పాటి? కొలిచిన విలువలకు ఆ పద్ధతి అద్భుతంగా పనిచేస్తుంది. లెక్కపెట్టిన విలువలకు వాడితేనే చిక్కు. డబ్బును లెక్కపెడతాం. అందుకని రూపాయలను కాక పైసలను పూర్ణాంకంగా దాచడం అన్నిటికన్నా నమ్మకమైన దారి. విస్తీర్ణమూ అంతే. 105 సెంట్లు అని దాచుకుని, చూపించేటప్పుడు నూరుతో భాగిస్తే వచ్చిన భాగఫలం ఎకరాలు, శేషం సెంట్లు. కూడికలో ఒక్క సెంటు అటూ ఇటూ కాదు.

భాగహారాలు, వడ్డీలు ఉన్నచోట పది మూలంగానే దాచుకునే రకాలున్నాయి. పైథాన్‌లో డెసిమల్, జావాలో బిగ్‌డెసిమల్, డేటాబేసుల్లో న్యూమరిక్. వ్యాపారం కోసమే పుట్టిన కోబాల్ మొదటినుంచీ ఈ దారిలోనే ఉంది. వీటిలోనూ ఒక గుంట ఉంది. పైథాన్ డెసిమల్‌కు 0.1ను కొటేషన్లు లేకుండా ఇస్తే, అది చేరేలోపే ఫ్లోటింగ్ పాయింట్ దాన్ని కోసేసి ఉంటుంది. ఆ కోత తప్పును డెసిమల్ యాభై అయిదు దశాంశ స్థానాల దాకా భక్తిగా భద్రపరుస్తుంది. కొటేషన్ల మధ్య రాతగా ఇస్తేనే అసలైన పదోవంతు దక్కుతుంది.

సవరింపు విషయంలోనూ ఒక మాట. 2.675ను రెండు దశాంశాలకు సవరించమంటే బడిలో 2.68 అని నేర్పారు. పైథాన్ 2.67 అంటుంది, లోపల ఉన్నది 2.675 కన్నా రవ్వంత తక్కువ కాబట్టి. సరిగ్గా సగమున్న 2.5ను పూర్ణాంకానికి సవరిస్తే 3 బదులు 2 ఇస్తుంది. సగాలను దగ్గరి సరిసంఖ్య వైపు తోయడం దాని నియమం, ఎప్పుడూ పైకే తోస్తే మొత్తాలు ఉబ్బిపోతాయని. బిల్లు వేసేవారు ఏ నియమం పాటించాలో ముందే రాసిపెట్టుకోవాలి.

సంఖ్యలు కానివి

ఆధార్‌కు పన్నెండు అంకెలు. ఎక్సెల్‌లో కొడితే 2.34568 పక్కన ఇ+11 అని కనిపిస్తుంది. అప్పటికి కంగారు లేదు, లోపల అంకెలన్నీ ఉన్నాయి. దాన్ని కామాలతో విడదీసే సీఎస్‌వీ ఫైలుగా దాస్తే మాత్రం తెర మీద కనిపించినదే ఫైలులోకి పోతుంది, మిగతా అంకెలు తిరిగి రావు. పదహారు అంకెల ఖాతా నంబరైతే అంతదాకా కూడా ఆగదు. పదిహేను అంకెలకు మించి ఎక్సెల్ దాచదు కాబట్టి కొట్టిన క్షణమే చివరి అంకె సున్నా అవుతుంది. ముందు సున్నాలున్న ఖాతా నంబరు వాటిని పోగొట్టుకుంటుంది. జావాస్క్రిప్ట్‌లో మామూలు సంఖ్యలన్నీ ఫ్లోటింగ్ పాయింటే. 9,00,71,99,25,47,40,992 దాటాక పక్కపక్క పూర్ణాంకాలకు తేడా తెలియదు, అందుకే 2020లో బిగ్‌ఇంట్ అనే వేరే రకం చేర్చారు.

ధాన్యం సొమ్ము జమ కావలసిన రైతుల జాబితాలో ఇలాంటి ఒక్క అంకె మారితే డబ్బు ఆగిపోతుంది. ఇక్కడ నా ప్రశ్న ఒక్కటే: రెండు ఆధార్ నంబర్లను కూడితే వచ్చేదానికి అర్థం ఉందా? లేకపోతే అవి అంకెలతో రాసిన పేర్లు. పిన్‌కోడ్, ఫోను నంబరు, సర్వే నంబరు అన్నీ ఆ కోవలోవే. వాటిని అక్షరాలుగానే దాచాలి. ఎక్సెల్‌లో కొట్టడానికి ముందే ఆ వరుసను టెక్స్ట్‌గా మార్చాలి. కొట్టాక మారిస్తే లాభం లేదు.

దాచినదాన్ని తిరిగి చూపించడం మిగిలింది. పైథాన్‌ను మామూలుగా కామాలు పెట్టమంటే 3,506,000 అని మూడేసి అంకెలకు పెడుతుంది. లక్షల పద్ధతి కావాలంటే మనమే రాసుకోవాలి, లేదా లైబ్రరీ తెచ్చుకోవాలి. జావాస్క్రిప్ట్‌లో భాష తెలుగు, దేశం భారత్ అని చెబితే 35,06,000 అని సరిగా చూపిస్తుంది. అంకెలు మాత్రం మామూలువే వస్తాయి. ౩౫,౦౬,౦౦౦ అని కావాలంటే తెలుగు అంకెలే వాడమని విడిగా చెప్పాలి.